ప్రిన్సెస్ రాయల్: రాజు పెద్ద కూతురికిచ్చే బిరుదు, దాని వెనకున్న నాలుగు శతాబ్దాల లెక్క

క్లుప్తంగా

బ్రిటన్‌లో ‘ప్రిన్సెస్ రాయల్’ అంటే సింహాసనం మీదున్న రాజు లేదా రాణి తమ పెద్ద కూతురికి ఇచ్చే బిరుదు. ఇది పుట్టుకతో రాదు, తల్లి నుంచి కూతురికి సంక్రమించదు. ఇవ్వాలా వద్దా, ఎప్పుడివ్వాలి అన్నది పూర్తిగా రాజు ఇష్టం. ఒకసారి ఇస్తే జీవితాంతం ఉంటుంది, ఆమె బతికున్నంతకాలం ఇంకొకరికి ఇవ్వరు. 1642 నుంచి ఇప్పటివరకు ఏడుగురే దీన్ని పొందారు. ఆ ఏడుగురిలో ఒక్కరూ బ్రిటన్‌ను ఏలలేదు. కొడుకులకే సింహాసనం అనుకున్న రోజుల్లో కూతురి కోసం పుట్టిన గౌరవం ఇది. ఆ నియమం 2013 చట్టంతో మారింది కాబట్టి, రాబోయే తరాల్లో ఈ బిరుదు ఎవరికి, ఎందుకు అన్న ప్రశ్న కొత్తగా తలెత్తుతోంది.

ఇప్పుడు ఈ చర్చ ఎందుకు

2025 చివర్లో మూడో చార్లెస్ రాజు తన తమ్ముడు ఆండ్రూకి ఉన్న ‘ప్రిన్స్’ హోదాను తీసేశారు. దాంతో రాజకుటుంబంలో బిరుదులు ఎవరిస్తారు, ఎవరు తీసేయగలరు, ఏది పుట్టుకతో వస్తుంది, ఏది పెళ్లితో వస్తుంది అన్న చర్చ మళ్లీ మొదలైంది. ఆ చర్చలో బాగా కన్ఫ్యూజన్ ఉన్నది ప్రిన్సెస్ రాయల్ విషయంలోనే. ప్రస్తుతం ఇది చార్లెస్ చెల్లెలు యాన్ దగ్గర ఉంది. యువరాజు విలియం కూతురు షార్లెట్‌కు ఇది ఇప్పటికే వచ్చేసిందని కొందరు అనుకుంటారు. తండ్రి రాజు కాగానే దానంతటదే వస్తుందని ఇంకొందరు అనుకుంటారు. రెండూ నిజం కాదు. 70 ఏళ్లు ఏలిన రెండో ఎలిజబెత్ తన తండ్రికి పెద్ద కూతురే అయినా ఆమె ఎప్పుడూ ప్రిన్సెస్ రాయల్ కాలేదన్న సంగతి విన్నప్పుడు చాలామంది ఆశ్చర్యపోతారు. ఈ బిరుదు ఎలా పుట్టిందో, ఎలా చేతులు మారిందో చూస్తే ఆ ఆశ్చర్యం మిగలదు.

ఇందులో ఏముంది, ఏం లేదు

డ్యూక్, ఎర్ల్ లాంటి బిరుదులు ఒక తరం నుంచి ఇంకో తరానికి వెళ్తాయి. ప్రిన్సెస్ రాయల్ అలా వెళ్లదు. దీనితో పాటు భూమి రాదు, జీతం రాదు, సింహాసనం వరసలో ఒక్క మెట్టు కూడా పైకి జరగదు. దీన్ని ఇవ్వాల్సిందేనని చెప్పే చట్టమూ లేదు. ఉన్నదల్లా ఆనవాయితీ.

పక్కపక్కన పెట్టి చూడాల్సిన బిరుదు ‘ప్రిన్సెస్ ఆఫ్ వేల్స్’. పత్రికలు ఈ రెండింటినీ తరచూ కలిపేస్తుంటాయి. సింహాసనం వారసుడైన పెద్ద కొడుకును రాజు ప్రిన్స్ ఆఫ్ వేల్స్‌గా ప్రకటిస్తే, అతని భార్య ప్రిన్సెస్ ఆఫ్ వేల్స్ అవుతుంది. చార్లెస్ రాజైన మర్నాడే, 2022 సెప్టెంబర్ 9న, విలియంకు ఆ బిరుదు ఇచ్చారు. ఆ క్షణం నుంచి కేథరిన్ ప్రిన్సెస్ ఆఫ్ వేల్స్ అయ్యారు. అంటే అది కోడలికి భర్త ద్వారా అందేది. ప్రిన్సెస్ రాయల్ ఆడపడుచుకు స్వయంగా అందేది. విడాకుల సమయంలో ఈ తేడా తెలుస్తుంది. 1996లో చార్లెస్‌తో విడాకులయ్యాక డయానాకు ‘హర్ రాయల్ హైనెస్’ హోదా పోయింది. అంతకు నాలుగేళ్ల ముందు, 1992లో, యాన్ విడాకులు తీసుకుని అదే ఏడాది మళ్లీ పెళ్లి చేసుకున్నారు. ఆమె బిరుదుకు ఏమీ కాలేదు. అది భర్త నుంచి వచ్చింది కాదు గనుక భర్తతో పోయేదీ కాదు.

పారిస్ నుంచి లండన్‌కు

ఈ బిరుదు బ్రిటన్‌లో పుట్టినా దాని మూలం ఫ్రాన్సులో ఉంది. ఫ్రాన్స్ రాజు పెద్ద కూతుర్ని ‘మదామ్ రాయల్’ అనేవారు. నాలుగో హెన్రీ కూతురు హెన్రియెటా మరియా తన అక్కల పెళ్లిళ్లయ్యాక ఆ హోదాను తానే అనుభవించింది. 1625లో ఆమె ఇంగ్లండ్ రాజు మొదటి చార్లెస్‌ను పెళ్లాడింది. తనకు పుట్టింట్లో దక్కిన మర్యాద తన కూతురికి మెట్టినింట్లో దక్కాలని ఆమె కోరుకుంది. ఆ కోరికే 1642లో ఆమె పెద్ద కూతురు మేరీని మొదటి ప్రిన్సెస్ రాయల్ చేసింది.

అయితే సముద్రం దాటేటప్పుడు ఒక ముఖ్యమైన నియమం మారిపోయింది. ఫ్రాన్సులో మదామ్ రాయల్ పెళ్లికాని పెద్ద కూతురి హోదా. ఆమె పెళ్లి చేసుకుని వెళ్లిపోతే తర్వాతి చెల్లెలు మదామ్ రాయల్ అయ్యేది. హెన్రియెటాకు ఆ హోదా అందింది కూడా ఇలాగే, అక్క క్రిస్టీన్ 1619లో సవాయ్ రాజకుటుంబానికి కోడలిగా వెళ్లాక. ఇంగ్లండ్‌లో మాత్రం మొదటి ప్రిన్సెస్ రాయల్‌కు బిరుదు వచ్చేసరికే పెళ్లయిపోయింది. కాబట్టి ఇక్కడ అది పెళ్లితో ముగిసే హోదా కాకుండా చనిపోయేదాకా ఉండే హోదాగా స్థిరపడింది. చిన్న మార్పులా కనిపించినా, తర్వాతి నాలుగు శతాబ్దాల్లో ఎవరికి బిరుదు దక్కింది, ఎవరికి దక్కలేదు అన్నదాన్ని అన్నిటికన్నా ఎక్కువగా నిర్ణయించింది ఇదే.

ఫ్రాన్సులో మదామ్ రాయల్ అనగానే గుర్తొచ్చేది పదహారో లూయీ కూతురు మరీ తెరేజ్. విప్లవంలో తల్లిదండ్రుల్ని కోల్పోయి, పారిస్‌లోని టెంపుల్ అనే జైల్లో మగ్గి, 1795 డిసెంబర్‌లో విడుదలైంది. ఫ్రాన్సులో రాచరికంతో పాటే ఆ హోదా పోయింది. దాన్ని చూసి పుట్టిన బ్రిటన్ బిరుదు ఇంకా ఉంది.

పెళ్లి కోసం పంపిన కూతుళ్లు

మొదటి నలుగురు ప్రిన్సెస్ రాయల్‌ల కథలు చదివితే వరసగా ఒకే విషయం కనిపిస్తుంది. నలుగురూ విదేశీ రాజకుటుంబాలకు కోడళ్లయ్యారు. నలుగురికీ పెళ్లి అంటే రెండు దేశాల మధ్య ఒప్పందం.

మేరీకి పెళ్లి జరిగింది 1641 మేలో. అప్పటికి ఆమె వయసు తొమ్మిదేళ్లు. వరుడు డచ్ దేశపు ఆరెంజ్ వంశానికి చెందిన విలియం, పద్నాలుగేళ్లవాడు. పార్లమెంటుతో తగువు ముదిరి ఇరుకున పడ్డ మొదటి చార్లెస్‌కు ఒక ప్రొటెస్టంట్ వియ్యంకుడు అత్యవసరమయ్యాడు. 1642లో కూతుర్ని అత్తారింట్లో దిగబెట్టే పేరుతో హెన్రియెటా మరియా హాలండ్ వెళ్లింది. అక్కడ రాచ నగలు తాకట్టు పెట్టి, పార్లమెంటుతో భర్త చేయబోయే యుద్ధానికి ఆయుధాలు సమకూర్చింది. మేరీకి బిరుదు వచ్చింది కూడా ఆ ఏడాదే. 1650లో, మేరీకి పద్దెనిమిదేళ్లు ఉండగా, ఆమె భర్త మశూచితో చనిపోయాడు. ఎనిమిది రోజుల తర్వాత కొడుకు పుట్టాడు. ఆ పిల్లాడే పెద్దయ్యాక ఇంగ్లండ్‌కు మూడో విలియం రాజు అయ్యాడు. మేరీ దాన్ని చూడలేదు. ఇంగ్లండ్‌లో రద్దయిన రాచరికం తిరిగొచ్చి అన్న రెండో చార్లెస్ సింహాసనమెక్కిన 1660లో లండన్ వచ్చి, అదే ఏడాది డిసెంబర్‌లో తాను కూడా మశూచితోనే పోయింది.

రెండో ప్రిన్సెస్ రాయల్, రెండో జార్జ్ కూతురు యాన్, 1734లో వెళ్లింది కూడా ఆరెంజ్ వంశానికే. భర్త నాలుగో విలియం 1751లో చనిపోయాక చిన్నపిల్లాడైన కొడుకు తరఫున డచ్ పాలనను ఆమే నడిపింది. 1759లో తాను చనిపోయేవరకు ఆ బాధ్యత ఆమెదే. బిరుదు బ్రిటన్‌ది, అధికారం నెదర్లాండ్స్‌లో. ప్రిన్సెస్ రాయల్‌లలో స్వయంగా ఒక దేశ పాలన చేపట్టింది ఈమె ఒక్కతే. ఆ అధికారం బిరుదు వల్ల రాలేదు, వితంతువైన తల్లి కావడం వల్ల వచ్చింది.

మూడో జార్జ్ పెద్ద కూతురు షార్లెట్ కథ వేరు. ఆమెకు బిరుదు 1789లో, 22 ఏళ్లు నిండాక వచ్చింది. మూడో జార్జ్ తన కూతుళ్లను చాలాకాలం ఇంట్లోనే ఉంచుకున్నాడు. షార్లెట్ పెళ్లి 1797లో, ముప్ఫై ఏళ్ల వయసులో, జర్మన్ ప్రాంతమైన వుర్టెంబర్గ్ యువరాజుతో జరిగింది. ఆ తర్వాత నెపోలియన్ యూరప్ పటాన్ని తిరగరాస్తూ 1806లో వుర్టెంబర్గ్‌ను రాజ్యం చేశాడు. షార్లెట్ రాణి అయింది. కానీ ఆమె పుట్టిల్లు నెపోలియన్‌తో యుద్ధంలో ఉంది. శత్రువు ఇచ్చిన కిరీటాన్ని ఒప్పుకోవడం ఇష్టంలేని మూడో జార్జ్ ఉత్తరాల్లో కూతుర్ని వుర్టెంబర్గ్ రాణి అని సంబోధించడానికి నిరాకరించాడు. అత్తింటి హోదాను పుట్టిల్లు గుర్తించకపోయినా, పుట్టింటి బిరుదు మాత్రం 1828లో చనిపోయేదాకా ఆమె దగ్గరే ఉంది.

విక్టోరియా రాణి మొదటి బిడ్డ విక్టోరియా విషయంలో అన్నీ తొందరగా జరిగిపోయాయి. 1840 నవంబర్‌లో పుట్టిన ఈమెకు రెండు నెలలు నిండకముందే, 1841 జనవరిలో, ప్రిన్సెస్ రాయల్ బిరుదు ఇచ్చారు. అప్పటికి తమ్ముడు పుట్టలేదు. కాబట్టి 1841 నవంబర్ వరకు, అంటే దాదాపు ఏడాదిపాటు, సింహాసనం వరసలో మొదటి స్థానం ఈ పసిబిడ్డదే. ఏడుగురిలో ఆ స్థానంలో ఉన్నది ఈమె ఒక్కతే. తమ్ముడు ఎడ్వర్డ్ పుట్టిన రోజునే ఆ స్థానం పోయింది. బిరుదు మిగిలింది. అసలు ఈ బిరుదు ఎవరికోసం ఉందో చెప్పడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

1858లో, అప్పటి జర్మన్ రాజ్యాల్లో బలమైన ప్రష్యా యువరాజు ఫ్రెడరిక్‌తో ఆమెకు పెళ్లయింది. పెళ్లి బెర్లిన్‌లో జరగాలని ప్రష్యా పట్టుబట్టినా విక్టోరియా రాణి ఒప్పుకోలేదు, లండన్‌లోనే జరిపించింది. బ్రిటన్ తరహా పార్లమెంటరీ పాలన జర్మనీకి కూడా రావాలని ఆశపడ్డ ఈ దంపతులకు ప్రష్యా ప్రధాని బిస్మార్క్ రాజకీయాలతో పొసగలేదు. బెర్లిన్ దర్బారు ఆమెను చివరిదాకా ఇంగ్లిష్ మనిషిగానే అనుమానంగా చూసింది. భర్త 1888లో జర్మనీ చక్రవర్తి అయ్యాడు గానీ గొంతు క్యాన్సర్‌తో 99 రోజులకే చనిపోయాడు. కొడుకు రెండో విల్‌హెల్మ్ తల్లి ఆశించిన దారికి పూర్తిగా ఎదురు దారిలో నడిచాడు. రెండు దేశాల్ని దగ్గర చేయాలని పంపిన కూతురి కొడుకే ఆ రెండు దేశాలు యుద్ధానికి దిగినప్పుడు జర్మనీ సింహాసనం మీద ఉన్నాడు. పెళ్లితో శాంతి కొనే పాత రాజనీతికి ఇంతకన్నా పెద్ద ఓటమి లేదు.

పద్ధతి మారిన మలుపు

ఐదో ప్రిన్సెస్ రాయల్ నుంచి దారి మారింది. ఏడో ఎడ్వర్డ్ పెద్ద కూతురు లూయీజ్ 1889లోనే స్కాట్లండ్‌కు చెందిన ఫైఫ్ ప్రభువును పెళ్లాడింది. ఆమెకు బిరుదు 1905లో వచ్చింది. భర్త విదేశీ రాజు కాదు, బ్రిటన్ ప్రజల్లో ఒకడు. దీనితో ఒక కొత్త ప్రశ్న తలెత్తింది. రాజు కూతురి పిల్లలకు ఏ హోదా? అత్తిల్లు రాజకుటుంబమైతే పిల్లలకు అక్కడి హోదాలు వస్తాయి. ఇక్కడ అది లేదు. అందుకే ఏడో ఎడ్వర్డ్ లూయీజ్‌కు బిరుదిచ్చిన రోజునే ఆమె ఇద్దరు కూతుళ్లకు కూడా ‘ప్రిన్సెస్’ హోదా ఇచ్చాడు. అంతకుముందు 1900లోనే, కొడుకులు లేని ఆ కుటుంబంలో కూతురికి డ్యూక్ బిరుదు దక్కేలా ప్రత్యేక ఏర్పాటు జరిగింది. ఇవన్నీ ఒక్క కుటుంబం కోసం చేసిన మినహాయింపులు. నియమం అయితే కాలేదు.

నియమం రాసింది ఐదో జార్జ్. మొదటి ప్రపంచయుద్ధం నడుస్తుండగా జర్మన్ పేర్లు, జర్మన్ బంధుత్వాలు బ్రిటన్ రాజకుటుంబానికి మోయలేని బరువయ్యాయి. 1917లో ఆయన వంశం పేరును విండ్సర్‌గా మార్చాడు. అదే ఏడాది నవంబర్‌లో ‘ప్రిన్స్’, ‘ప్రిన్సెస్’ హోదాలు ఎవరెవరికి వర్తిస్తాయో రాజపత్రం ద్వారా తేల్చాడు. రాజు పిల్లలకు, రాజు కొడుకుల పిల్లలకు ఆ హోదా ఉంటుంది. కూతుళ్ల పిల్లలకు ఉండదు. ఈ ఒక్క నియమం వల్లే తర్వాత వచ్చిన ఇద్దరు ప్రిన్సెస్ రాయల్‌ల పిల్లలు రాచ హోదా లేకుండా పెరిగారు.

ఆ ఇద్దరిలో మొదటి ఆమె ఐదో జార్జ్ సొంత కూతురు మేరీ. యార్క్‌షైర్‌కు చెందిన లాసెల్స్ కుటుంబంలోకి 1922లో వెళ్లింది. ఆమె కొడుకులిద్దరూ ప్రిన్స్‌లు కారు. మేరీకి బిరుదు 1932 జనవరి 1న వచ్చింది. అయితే ఆమె పేరు అప్పటికే జనానికి బాగా తెలుసు. 1914లో, పదిహేడేళ్ల వయసులో, యుద్ధంలో ఉన్న ప్రతి సైనికుడికీ, నావికుడికీ క్రిస్మస్ కానుక పంపడానికి ఆమె పేరు మీద నిధి సేకరించారు. ఇత్తడి పెట్టెల్లో వెళ్లిన ఆ కానుకలు భారతీయ సైనికులకూ అందాయి. వాళ్ల కోసం మిఠాయిలు, సుగంధ ద్రవ్యాలు వేరుగా పెట్టారు. తర్వాత మేరీ లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రిలో నర్సుగా శిక్షణ తీసుకుంది. 1951లో లీడ్స్ యూనివర్సిటీ ఛాన్సలర్ అయింది.

ఏ రాజకుటుంబంతో వియ్యం కుదిరింది అన్న ప్రశ్న పోయి, ఏ సంస్థల కోసం పనిచేస్తోంది అన్న ప్రశ్న ముందుకొచ్చింది మేరీ కాలంలోనే. ఇప్పుడు ప్రిన్సెస్ రాయల్ అనగానే జనానికి తట్టే ‘బాగా పనిచేసే రాచబిడ్డ’ అన్న ముద్రకు పునాది వేసింది ఆమె. ఆ ఘనత ఎక్కువగా యాన్ ఖాతాలోకి వెళ్తుంది గానీ, దారి వేసినామెను మరిచిపోవడం న్యాయం కాదు.

ఎలిజబెత్‌కు ఎందుకు దక్కలేదు

ఆరో జార్జ్ 1936 డిసెంబర్‌లో రాజయ్యాడు. ఆయనకు ఇద్దరూ కూతుళ్లే. పెద్దమ్మాయి ఎలిజబెత్‌కు ప్రిన్సెస్ రాయల్ కావడానికి అన్ని అర్హతలూ ఉన్నాయి. కానీ ఆ బిరుదు అప్పటికే మేనత్త మేరీ దగ్గర ఉంది. మేరీ 1965 వరకు జీవించింది. ఎలిజబెత్ 1952లోనే రాణి అయిపోయింది. పాత ఫ్రెంచి పద్ధతే ఉండి ఉంటే, 1922లో పెళ్లితో మేరీ తప్పుకునేది, ఎలిజబెత్‌కు చోటు దొరికేది. ఆమె పెళ్లి తర్వాత చెల్లెలు మార్గరెట్‌కూ దక్కేది. జీవితాంతం అన్న బ్రిటన్ నియమం ఇద్దరికీ తలుపు మూసింది.

బిరుదు ఖాళీగా ఉన్న కాలాలు చూస్తే ఈ యంత్రాంగం ఇంకా బాగా అర్థమవుతుంది. 1660లో మేరీ పోయాక 67 ఏళ్లపాటు ప్రిన్సెస్ రాయల్ లేదు. చాలావరకు అర్హులే లేరు, ఉన్న ఇద్దరు రాజు కూతుళ్లూ అప్పటికే విదేశీ రాజకుటుంబాల్లో ఉన్నారు. రెండో చార్లెస్‌కు భార్య ద్వారా పిల్లలు లేరు. రెండో జేమ్స్ రాజయ్యేనాటికి ఆయన పెద్ద కూతురు పెళ్లయి ఆరెంజ్ వంశంలో ఉంది. ఆ కూతురూ, ఆమె భర్త మూడో విలియం కలిసి ఏలారు గానీ వాళ్లకు పిల్లలు లేరు. ఆ తర్వాత రెండో జేమ్స్ చిన్న కూతురు యాన్ రాణి అయ్యేనాటికి ఆమె పిల్లలెవరూ బతికి లేరు. మొదటి జార్జ్ 1714లో వచ్చేసరికి ఆయన ఒక్కగానొక్క కూతురు అప్పటికే ప్రష్యా రాణి. 1828 తర్వాతా అర్హులు లేరు. నాలుగో జార్జ్ ఏకైక కూతురు 1817లోనే ప్రసవ సమయంలో చనిపోయింది. నాలుగో విలియంకు భార్య ద్వారా పుట్టిన కూతుళ్లు పసితనంలోనే పోయారు.

మిగిలిన ఆలస్యాలు వేరే రకం. అర్హురాలు ఉంది, బిరుదు ఖాళీగా ఉంది, అయినా ఇవ్వలేదు. 1901లో ప్రిన్సెస్ రాయల్ విక్టోరియా చనిపోయాక లూయీజ్‌కు నాలుగేళ్లు పట్టింది. 1931లో లూయీజ్ పోయాక మేరీకి దాదాపు ఏడాది పట్టింది. 1965లో మేరీ పోయాక యాన్ ఏకంగా 22 ఏళ్లు ఆగారు. దీన్ని హక్కుగా అడిగి తీసుకోవడం కుదరదని ఈ తేదీలే చెబుతున్నాయి.

యాన్: పనికి దక్కిన గుర్తింపు

1950లో పుట్టిన యాన్‌కు బిరుదు 1987 జూన్ 13న వచ్చింది. అంతవరకు అధికారిక పత్రాల్లో ఆమె పేరు పక్కన భర్త పేరు ఉండేది, ‘మిసెస్ మార్క్ ఫిలిప్స్’ అని. బిరుదు వచ్చాక ఆ అవసరం పోయింది. 1970లోనే ఆమె ‘సేవ్ ది చిల్డ్రన్’ సంస్థకు అధ్యక్షురాలయ్యారు. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో బ్రిటన్ గుర్రపుస్వారీ జట్టులో పోటీపడ్డారు. 1981 నుంచి లండన్ యూనివర్సిటీ ఛాన్సలర్. పాతకాలంలో బిడ్డ పుట్టగానే ఇచ్చేసిన బిరుదును రెండో ఎలిజబెత్ ఏళ్ల తరబడి చేసిన పనికి గుర్తింపుగా మార్చారని చాలామంది చూశారు. ఆ చూపులో న్యాయముంది.

పిల్లల విషయంలో యాన్ 1917 నియమాన్ని అలాగే ఉండనిచ్చారు. పీటర్, జారా ఇద్దరికీ ఏ బిరుదూ లేదు. ఇటీవల బాధ్యతలు మాత్రం పెరిగాయి. రాజు విదేశాల్లో ఉన్నా, ఒంట్లో బాగోలేకపోయినా ఆయన తరఫున కొన్ని పనులు చేసే ‘కౌన్సిలర్స్ ఆఫ్ స్టేట్’ జాబితాలో యాన్‌నూ, తమ్ముడు ఎడ్వర్డ్‌నూ చేర్చడానికి 2022 డిసెంబర్‌లో పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేసింది. ప్రిన్సెస్ రాయల్ కాబట్టి ఆ అధికారం దానంతటదే రాలేదన్నది ఇక్కడ గమనించాలి.

2013 చట్టం ఏం మార్చింది

యాన్‌కు ఇద్దరు తమ్ముళ్లు, ఆండ్రూ, ఎడ్వర్డ్. వయసులో ఇద్దరికన్నా పెద్దదైనా సింహాసనం వరసలో యాన్ వాళ్ల వెనకే ఉన్నారు. వాళ్ల పిల్లలు, ఆండ్రూ మనవలు కూడా ఆమెకన్నా ముందున్నారు. కారణం ఆమె పుట్టినప్పుడున్న నియమం. తమ్ముడు పుడితే అక్క వెనక్కి జరగాలి.

2011 అక్టోబర్ 28న ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో, అప్పట్లో బ్రిటన్ రాణిని దేశాధినేతగా గుర్తించిన 16 దేశాలు ఈ నియమాన్ని తీసేయాలని ఒప్పుకున్నాయి. 2013లో బ్రిటన్ పార్లమెంటు చట్టం చేసింది, 2015 మార్చిలో అది అమల్లోకి వచ్చింది. అయితే ఆ ఒప్పందం తేదీ తర్వాత పుట్టినవాళ్లకే వర్తిస్తుంది. యాన్‌కు లాభం లేదు. 2015 మే 2న పుట్టిన షార్లెట్‌కు ఉంది. 2018లో తమ్ముడు లూయీ పుట్టినప్పుడు ఆమె స్థానం కదలలేదు. 1841లో చిన్నారి విక్టోరియాకు జరిగింది షార్లెట్‌కు జరగలేదు.

ఇంకో చిన్న మార్పు కూడా అప్పుడే జరిగింది. 1917 నియమం ప్రకారం ముత్తాత లేదా ముత్తవ్వ ఏలుతుండగా పుట్టిన పిల్లల్లో ప్రిన్స్ ఆఫ్ వేల్స్ పెద్ద కొడుక్కి పుట్టిన పెద్ద మగపిల్లాడికే రాచ హోదా ఉండేది. అంటే విలియంకు మొదట ఆడపిల్ల పుట్టి ఉంటే, కాబోయే రాణి అయినా ఆమె పుట్టినప్పుడు ప్రిన్సెస్ అయ్యేది కాదు. 2012 డిసెంబర్‌లో రెండో ఎలిజబెత్ దాన్ని సరిచేసి, విలియం పిల్లలందరికీ ఆ హోదా వర్తింపజేశారు.

బ్రిటన్ ఈ దారిలో ముందు నడవలేదు. స్వీడన్‌లో 1980 జనవరి 1న కొత్త నియమం వచ్చి, ఏడు నెలల తమ్ముడి దగ్గరున్న యువరాజు స్థానం అక్క విక్టోరియాకు మారింది. నెదర్లాండ్స్ 1983లో, నార్వే 1990లో, బెల్జియం 1991లో నియమాలు మార్చాయి. ఈ దేశాల్లో పెద్ద కూతురికి వచ్చే బిరుదు వారసురాలి బిరుదు. నెదర్లాండ్స్ యువరాణి అమాలియా 2013 నుంచి ప్రిన్సెస్ ఆఫ్ ఆరెంజ్. అదే ఆరెంజ్ వంశానికి బ్రిటన్ ప్రిన్సెస్ రాయల్‌లు ఇద్దరు కోడళ్లుగా వెళ్లి, భర్తల వల్ల ఆ పేరు పెట్టుకున్నారు. అమాలియాకు అది సొంత హక్కుతో, సింహాసనంతో ముడిపడి వచ్చింది. బ్రిటన్ బిరుదుకు ఆ ముడి ఎప్పుడూ లేదు.

ఇక ముందు ఏం జరగొచ్చు

యాన్ ఉన్నంతకాలం బిరుదు ఆమెదే. చార్లెస్ హయాంలో ఒకవేళ అది ఖాళీ అయినా, ఆయనకు కూతుళ్లు లేరు, ఆనవాయితీ ప్రకారం ఖాళీగానే ఉంటుంది. విలియం రాజయ్యాక, అప్పటికి బిరుదు ఎవరి దగ్గరా లేకపోతే, షార్లెట్‌కు ఇవ్వొచ్చు. పట్టాభిషేకం నాడే ఇవ్వొచ్చు, విలియం నానమ్మ చేసినట్టు ఏళ్ల తర్వాతా ఇవ్వొచ్చు. ఇవ్వకపోయినా షార్లెట్ సింహాసనం వరసలో గానీ, ప్రిన్సెస్ హోదాలో గానీ తేడా ఏమీ ఉండదు. మేనత్త దీర్ఘాయుష్షు వల్ల ఎలిజబెత్‌కు దక్కనట్టే, షార్లెట్‌కు చాలా ఆలస్యం కావడమూ సాధ్యమే.

అసలైన చిక్కు ఆ తర్వాతి తరంలో ఉంది. షార్లెట్ అన్న జార్జ్‌కు మొదటి బిడ్డ కూతురైతే, ఆమె స్థానాన్ని ఏ తమ్ముడూ తీసుకోలేడు. పుట్టుకతోనే తిరుగులేని వారసురాలు. తండ్రి రాజయ్యాక ఆమెను ఏమని పిలుస్తారు? ప్రిన్సెస్ రాయల్ అనడానికి 1841 నాటి విక్టోరియా ఉదాహరణ ఉంది గానీ, అప్పుడు అందరూ తమ్ముడి కోసం ఎదురుచూస్తున్నారు. సొంత హక్కుతో ప్రిన్సెస్ ఆఫ్ వేల్స్ అనొచ్చు. 1944లో, ఎలిజబెత్‌కు పద్దెనిమిదేళ్లు నిండినప్పుడు, ఆ బిరుదు ఇవ్వమని వేల్స్ నుంచి కోరికలు వచ్చినా ఆరో జార్జ్ ఒప్పుకోలేదు. అది వారసుడి భార్యకు వాడే పేరు అన్న అలవాటు బలంగా ఉండటమూ, కొడుకు పుట్టే అవకాశం చట్టం దృష్టిలో ఇంకా మిగిలి ఉండటమూ అప్పటి పరిస్థితి. ఆ రెండోది ఇప్పుడు లేదు. డ్యూక్ ఆఫ్ కార్న్‌వాల్ బిరుదు ఇంకా గట్టి సమస్య. 1337 నాటి రాజశాసనం దాన్ని రాజు పెద్ద కొడుక్కే రాసింది. 2013 చట్టం ఆ మాటను తాకలేదు.

వారసురాలైన పెద్ద కూతురికి వేల్స్ బిరుదే ఇస్తే, ప్రిన్సెస్ రాయల్‌ను ఏం చేయాలన్నది మిగులుతుంది. రెండో కూతురికి ఇస్తారా, పెద్ద కూతురిదే అన్న ఆనవాయితీ కోసం ఒక తరం పాటు వదిలేస్తారా, రెండూ ఒకరికే ఇస్తారా అన్నదానికి పాత ఉదాహరణల్లో జవాబు లేదు. ఇది చట్టంతో నడిచే బిరుదు కాదు కాబట్టి పార్లమెంటు చర్చ అక్కర్లేదు. ఆ రోజు సింహాసనం మీద ఎవరుంటే వాళ్లు ఒక్క ప్రకటనతో తేల్చేయగలరు. హెన్రియెటా మరియా మాట విని మొదటి చార్లెస్ 1642లో చేసింది కూడా అదే.